పై దారి పొడవు కాబట్టే లిఫ్ట్ వస్తే, విమానం తలకిందులుగా ఎలా ఎగురుతోంది?

ఒంగోలు_ఎంపీసీ

అందరికీ నమస్కారం. ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను. పైలట్ అవ్వాలని చిన్నప్పటి నుంచీ ఉంది. కుదరకపోతే ఏరోనాటికల్ ఇంజనీరింగ్.

మొన్న క్లాసులో బెర్నూలీ సూత్రం అయ్యాక విమానం రెక్క గురించి చెప్పారు. రెక్క పైభాగం ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి పైనుంచి వెళ్లే గాలికి దారి ఎక్కువట. కింది గాలితో పాటే వెనక అంచుకు చేరాలి కాబట్టి పై గాలి వేగంగా వెళ్తుందట. వేగం పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది, రెక్క పైకి లేస్తుంది, ఆ పైకి లేపే బలమే లిఫ్ట్. నోట్సులో ఇలాగే రాసుకున్నాను.

ఇంటికొచ్చి మన వాయుసేన విన్యాసాల జట్టు సూర్యకిరణ్ వీడియో చూస్తే ఒక విమానం తలకిందులుగా వెళ్తోంది! అప్పుడు ఉబ్బెత్తు భాగం కిందికి వచ్చినట్టే కదా. ఈ లెక్కన రెక్క విమానాన్ని నేలకు లాగేయాలి. హాయిగా వెళ్లిపోతోంది. ఎక్కడ తేడా కొడుతోంది?

ఇంకో ప్రశ్న. ఇంట్లో ఇప్పుడే డబ్బు పెట్టే పరిస్థితి లేదు. ఖర్చు లేకుండా సొంతంగా నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ర్యాంకు_ముఖ్యం

చెల్లీ, పరీక్షలో నోట్సులో ఉన్నదే రాయి, మార్కులు పడతాయి. ఈఏపీసెట్ అయ్యాక ఇవన్నీ చూసుకోవచ్చు.

ఫిజిక్స్_మాస్టారు

మార్కుల సంగతి సరే. కానీ ఆ అమ్మాయి అడిగింది చాలా మంచి ప్రశ్న, దాన్ని వాయిదా వేయమనడం నాకు ఇష్టం లేదు.

అమ్మా, బెర్నూలీ సూత్రంలో తప్పేమీ లేదు. తప్పంతా "కింది గాలితో పాటే చేరాలి" అన్న మాటలో ఉంది. ముందు అంచు దగ్గర విడిపోయిన రెండు గాలి పొరలు వెనక అంచు దగ్గర మళ్లీ కలుసుకోవాలని ఏ నియమమూ లేదు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ హోల్గర్ బాబిన్‌స్కీ విండ్ టన్నెల్‌లో పొగను దఫదఫాలుగా వదిలి తీసిన వీడియో ఉంది, వెతికి చూడు. పైనుంచి వెళ్లిన పొగ ముందే చేరిపోతుంది, కింది పొగ వెనకబడిపోతుంది. అంటే పై గాలి మీ నోట్సు చెప్పినదాని కన్నా ఇంకా వేగంగా పోతోంది.

నీకు వచ్చిన లెక్కలతోనే పరీక్షిద్దాం. సెస్నా 172 అనే నాలుగు సీట్ల శిక్షణ విమానం తీసుకో. దాని 172ఎస్ మోడల్ గరిష్ఠ బరువు 1,157 కిలోలు, రెక్క వైశాల్యం 16.2 చదరపు మీటర్లు. భాగిస్తే చదరపు మీటరుకు 71 కిలోలు, అంటే సుమారు 700 పాస్కల్స్. రెక్క కిందికీ పైకీ సగటున అంత ఒత్తిడి తేడా ఉంటే చాలు, విమానం గాలిలో నిలుస్తుంది. వాతావరణ పీడనం 1,01,325 పాస్కల్స్. అందులో 700 అంటే ఒక శాతం కూడా కాదు. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు ఎవరికైనా ఒళ్లు ఝల్లుమంటుంది.

ఇప్పుడు మీ నోట్సు మాట నిజమే అనుకుందాం. పై దారి 2 శాతం ఎక్కువ అనుకో. విమానం సెకనుకు 60 మీటర్ల వేగంతో పోతుంటే పై గాలి 61.2 మీటర్లు. గాలి సాంద్రత 1.225. సగం ఇంటూ సాంద్రత ఇంటూ వేగాల వర్గాల తేడా వేయి. ఎంతొచ్చింది? 89 పాస్కల్స్. కావాల్సింది 700. ఆ కారణంతో ఈ విమానం నేల వదలదు.

మరి పై గాలి అంత వేగంగా ఎందుకు పోతుంది? రెక్క గాలికి కాస్త ఏటవాలుగా ఎదురు నిలబడుతుంది. రెక్క ముందు అంచును ఛార్డ్ అనే సరళరేఖతో వెనక అంచుకు కలిపితే, ఆ రేఖకూ ఎదురొచ్చే గాలికీ మధ్య ఉండే కోణాన్ని యాంగిల్ ఆఫ్ అటాక్ అంటారు. పైన గాలి రెక్కను అంటిపెట్టుకుని కిందికి వంగాలి. వంపు తిరిగే ప్రవాహంలో లోపలివైపు ఒత్తిడి తక్కువ, బయటివైపు ఎక్కువ ఉంటుంది. ఇక్కడ లోపలివైపు అంటే రెక్క పైముఖం. ఆ తక్కువ ఒత్తిడిలోకి వెళ్లే గాలి వేగం పుంజుకుంటుంది. బెర్నూలీ చెప్పేది అక్కడ అక్షరాలా నిజం. రెక్క దాటాక గాలి మొత్తం కిందివైపు తిరిగి పోతుంది. గాలిని కిందికి తోశాం కాబట్టి అది మనల్ని పైకి తోస్తుంది, న్యూటన్ మూడో నియమం. బెర్నూలీ కరెక్టా న్యూటన్ కరెక్టా అని ఆన్‌లైన్‌లో కొట్టుకుంటుంటారు. ఒకే సంఘటనకు వేసిన రెండు లెక్కలవి.

తలకిందుల విమానంలో పైలట్ ముక్కును ఆకాశం వైపు ఇంకాస్త ఎత్తి పట్టుకుంటాడు. ఉబ్బెత్తు ఎటున్నా కోణం సరిపోతే లిఫ్ట్ వస్తుంది. విన్యాసాల కోసమే తయారైన ఎక్స్‌ట్రా 300 లాంటి విమానాల రెక్కకైతే పైనా కిందా ఒకే వంపు ఉంటుంది.

డాలస్_172

మాస్టారు గారి పోస్టు చదివి లాగిన్ అయ్యాను. నేనిక్కడ టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తూ వీకెండ్స్‌లో ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కి నేర్చుకుంటున్నాను, అదే సెస్నా 172ఎస్ మీద. కోణం అనే మాట కాక్‌పిట్‌లో ఎలా ఉంటుందో చెబుతా.

స్టాల్ ప్రాక్టీస్ అని ఒకటి చేయిస్తారు. నేల నుంచి 3,000 అడుగుల పైకి వెళ్లి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, పవర్ పూర్తిగా తగ్గిస్తాం. ఎత్తు పోకుండా యోక్‌ని, అంటే విమానం స్టీరింగ్‌ని, నెమ్మదిగా వెనక్కి లాగుతూ ఉంటాం. ముక్కు లేస్తుంది, వేగం పడిపోతుంది, చేతిలో యోక్ పట్టు లేకుండా వదులైపోతుంది. అప్పుడు ఎడమ రెక్క వైపు నుంచి ఒక సన్నటి కూత మొదలవుతుంది. ఇంకా లాగితే విమానం వణికి, ముక్కు దానంతటదే కిందికి వాలిపోతుంది. ఇంజన్ ఆగలేదు. రెక్క మీద గాలి అంటిపెట్టుకోలేక విడిపోయింది, అంతే. దీన్నే స్టాల్ అంటారు. మామూలు రెక్కకు 15, 16 డిగ్రీల దగ్గర ఇది జరుగుతుంది. అప్పుడు చేయాల్సింది యోక్ ముందుకు వదలడం. నేల కనిపిస్తుంటే ముందుకు వదలమంటే ఒళ్లు ఒప్పుకోదు, అందుకే మళ్లీ మళ్లీ చేయిస్తారు.

ఆ కూత ఎలా వస్తుందో తెలిశాక నాకు ఈ విమానం మీద ప్రేమ ఇంకా పెరిగింది. ఎడమ రెక్క ముందు అంచులో చిన్న రంధ్రం ఉంటుంది. దాని వెనక హార్మోనియం రీడ్ లాంటిది ఉంటుంది. కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. కోణం పెరిగే కొద్దీ గాలి రెక్కను తాకి రెండుగా చీలే చోటు రంధ్రం కిందికి జారుతుంది. దాంతో రంధ్రం దగ్గర ఒత్తిడి తగ్గి లోపలి గాలిని బయటికి పీలుస్తుంది, రీడ్ మోగుతుంది. ఎగిరే ముందు తనిఖీలో ఆ రంధ్రం మీద శుభ్రమైన చేతిరుమాలు పెట్టి నోటితో పీల్చి చూస్తాం. మోగితే పని చేస్తున్నట్టు.

ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున ఉండే పలకలు) దించకుండా 172ఎస్ స్టాల్ అయ్యే వేగం 48 నాట్లు (నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) అని పుస్తకంలో ఉంటుంది. అది ఒరగకుండా తిన్నగా పోతున్నప్పుడే. 60 డిగ్రీలు పక్కకు ఒరిగి ఎత్తు పోకుండా మలుపు తిప్పితే రెక్క రెట్టింపు బరువు మోయాలి, అప్పుడు 68 నాట్లకే స్టాల్ అవుతుంది. వేగం మారింది, కోణం మారలేదు. చెల్లీ, 48ని రూట్ 2తో గుణించి చూసుకో.

థర్మకోల్_రెక్కలు

ఖర్చు లేకుండా నేర్చుకోవడం ఎలా అని అడిగావు కదా తల్లీ. ఇంట్లోనే చేయగలిగే ప్రయోగం ఒకటి చెబుతా. స్కూలు పిల్లలతో ఎన్నో ఏళ్లుగా చేయిస్తున్నాను.

కావాల్సినవి టేబుల్ ఫ్యాను, వంటింట్లో వాడే డిజిటల్ కాటా, కొబ్బరి చీపురు పుల్లలు, గట్టి అట్టముక్క, కూల్‌డ్రింక్ స్ట్రాలు. అట్టను 30 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లుగా కత్తిరించు. కాటా మీద బరువైన మట్టిముద్ద పెట్టి రెండు పుల్లలు గుచ్చు, వాటి మీద అట్టను రెక్కలా నిలబెట్టు. కాటాకు గాలి తగలకుండా ముందు ఒక అట్టపెట్టె అడ్డం పెట్టాలి, లేకపోతే అంకెలన్నీ అబద్ధం చెబుతాయి. ఫ్యాను గాలి సుడులు తిరుగుతూ వస్తుంది, అందుకని స్ట్రాలు కట్టగా అతికించి ఫ్యాను ముందు జల్లెడలా పెట్టు, గాలి తిన్నగా వస్తుంది.

ఇప్పుడు అట్ట వంపును 0 నుంచి 5 డిగ్రీల చొప్పున పెంచుతూ కాటా అంకె రాసుకో. బరువు ఎంత తగ్గితే అంత లిఫ్ట్. కోణం కొలవడానికి నీ జామెట్రీ బాక్సులో కోణమానిని చాలు.

ఫిజిక్స్_మాస్టారు

ఇది చదివి నాకు చాలా సంతోషమేసింది, ఎందుకంటే రైట్ సోదరులు చేసింది అచ్చం ఇదే.

వాళ్లు 1900లో, 1901లో గ్లైడర్లు చేసి ఎగరేశారు. 1901 గ్లైడర్‌కు వాళ్లు లెక్కగట్టినంత లిఫ్ట్ రాలేదు. వాళ్లు నమ్ముకున్నది జర్మనీలో గ్లైడర్లు ఎగరేసి 1896లో ప్రమాదంలో చనిపోయిన ఓటో లిలియంతాల్ పట్టికలు, వాటితో పాటు గాలి తోపుడును లెక్కగట్టడానికి వాడే స్మీటన్ గుణకం అనే పాత అంకె. దాని విలువ 0.005 అని నూరేళ్లకు పైగా అందరూ వాడుతున్నారు. వీళ్లు నిరాశపడ్డారు గానీ అక్కడితో ఆగలేదు. అమెరికాలో డేటన్ అనే ఊళ్లోని తమ సైకిల్ షాపులో ఆరడుగుల పొడవున్న చెక్కపెట్టెతో విండ్ టన్నెల్ కట్టి, 200 దాకా చిన్న చిన్న రెక్క నమూనాలను పరీక్షించారు. ఆ గుణకం 0.0033 దగ్గర ఉండాలని తేల్చారు. తర్వాత 1902 గ్లైడర్ వాళ్లు చెప్పినట్టే ఎగిరింది. 1903 డిసెంబర్ 17న ఇంజనుతో మొదట ఎగిరినప్పుడు 12 సెకన్లు, 120 అడుగులు. అదే రోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు వెళ్లాడు. అందరికీ ఈ చివరి అంకెలే గుర్తుంటాయి. నాకు మాత్రం ఆ చెక్కపెట్టే గొప్ప. కాలేజీ చదువు లేని ఇద్దరన్నదమ్ములు పుస్తకంలో ఉన్న అంకెను నమ్మకుండా కొలిచి చూశారు.

గుంటూరు_నాన్న

పెద్దలు క్షమించాలి, కొంచెం డబ్బు సంగతి అడుగుతాను. మా అబ్బాయి కూడా పైలట్ అంటున్నాడు. అరకోటి దాకా అవుతుందంటున్నారు. మా బంధువుల అబ్బాయి ఒక ఫ్లయింగ్ స్కూల్లో మొత్తం ఫీజు ముందే కట్టాడు. అక్కడ విమానాలు సగం రోజులు రిపేర్లోనే ఉండేవి, గంటలు పూర్తికాక ఏళ్లు గడిచాయి. వాళ్ల నాన్న పొలం అమ్మాడు. ఆ ఇంట్లో బాధ చూసి అడుగుతున్నా.

రన్‌వే_09

అంకుల్, మీ భయం న్యాయమైనదే. నేను హైదరాబాద్‌లో ట్రైనింగ్‌లో ఉన్నాను, తెలిసింది చెబుతా.

డబ్బు కట్టే ముందు మెడికల్ చేయించండి. ముందు క్లాస్ 2, తర్వాత క్లాస్ 1. కమర్షియల్ లైసెన్స్‌కు క్లాస్ 1 తప్పనిసరి. రంగులు గుర్తించడంలో లోపం లాంటివి ఫీజు కట్టాక బయటపడితే తట్టుకోలేరు. అద్దాలుంటే పైలట్ కాలేరన్నది సివిల్ ఫ్లయింగ్‌లో నిజం కాదు, అద్దాలతో చూపు నిబంధనల మేరకు వస్తే చాలు.

మన దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఇచ్చే కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు మనమే పైలట్ ఇన్ కమాండ్‌గా ఉండాలి. 300 నాటికల్ మైళ్ల క్రాస్ కంట్రీ (వేరే ఊళ్లకు వెళ్లే దూర ప్రయాణం) ఒకటి, రాత్రి టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు పది చొప్పున. రాత పరీక్షలు నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్. ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి. ఇవి గాక రేడియో లైసెన్స్. ఈ పరీక్షలకు ఇంట్లో కూర్చుని చదవొచ్చు, వీటిలో కొన్ని పాసయ్యాక స్కూల్లో చేరితే విమానం ఖాళీగా ఉన్నప్పుడు మనం చదువు కోసం ఎగరడం ఆపక్కర్లేదు. స్కూలుకి స్వయంగా వెళ్లి ఎన్ని విమానాలు నిజంగా ఎగురుతున్నాయో, ఎంతమంది ఇన్‌స్ట్రక్టర్లున్నారో చూడండి. చదువుతున్న పిల్లలతో మాట్లాడండి. ఫీజు దఫాలుగా, ఎగిరిన గంటలకు తగ్గట్టు కట్టేలా రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే చేర్చండి.

ఒంగోలు చెల్లీ, నీకు కూడా ఒక మాట. ఇంటర్ ఫిజిక్స్ ఇక్కడ రోజూ పనికొస్తుంది. బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తులో ఉంది. స్టాండర్డ్ లెక్కలో ఆ ఎత్తులో ఉష్ణోగ్రత 11.5 డిగ్రీలు ఉండాలి. మే నెల మధ్యాహ్నం 42 ఉంటుంది. ఎక్కువైన ఒక్కో డిగ్రీకి ఉరామరిగా 120 అడుగులు కలపాలి. 30 డిగ్రీలకు 3,600. అంటే మన విమానం 5,300 అడుగుల కొండ మీది రన్‌వే నుంచి లేస్తున్నట్టు ప్రవర్తిస్తుంది! గాలి పలచబడి రెక్కకు లిఫ్ట్, ఇంజనుకు గాలి, ప్రొపెల్లర్‌కు పట్టు అన్నీ తగ్గుతాయి. దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. ఎండాకాలం పొద్దున్నే ఎగరడానికి అందరూ పోటీపడేది అందుకే.

ఏఎంఈ_సికింద్రాబాద్

పైలట్ ఒక్కటే దారి కాదని పిల్లలకు చెప్పండి. నేను ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీర్‌ని. ఇంటర్ ఎంపీసీతోనే చేరొచ్చు, లైసెన్స్ డీజీసీఏ ఇస్తుంది. ఇంజన్లు, బాడీ వైపు బీ1, ఎలక్ట్రానిక్స్ వైపు బీ2. నేను సంతకం పెట్టకపోతే విమానం కదలదు. ఆ బాధ్యత నాకిష్టం. డిగ్రీలో చేరాక ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉందేమో కనుక్కోండి, ఏరోమోడలింగ్ నేర్పుతారు, అదృష్టం బాగుంటే మైక్రోలైట్‌లో ఎక్కిస్తారు.

టవర్_నుంచి

ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో పనిచేస్తాను. డిగ్రీలో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరీక్ష రాసి ఈ ఉద్యోగానికి రావచ్చు. అది తర్వాతి మాట.

పైసా ఖర్చు లేని అలవాటు ఒకటి చెబుతా అమ్మా. విజయవాడ దగ్గర గన్నవరం ఎయిర్‌పోర్ట్ ఉంది కదా. దాని కోడ్ వీఓబీజెడ్. ఆ ఎయిర్‌పోర్ట్ వాతావరణ నివేదికను మెటార్ అంటారు, నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. రోజూ పొద్దున ఒకటి తీసుకుని విప్పడం నేర్చుకో. ఉదాహరణకు గాలి దగ్గర 24014 అని ఉందనుకో. 240 డిగ్రీల దిక్కు నుంచి 14 నాట్ల గాలి వస్తోందన్నమాట. తర్వాత 6000 అంటే కనిపించే దూరం మీటర్లలో. 34/25 అంటే ఉష్ణోగ్రత, మంచు బిందువు. క్యూ 1004 అంటే సముద్రమట్టానికి సరిచేసిన ఒత్తిడి హెక్టోపాస్కల్స్‌లో, దాన్ని బట్టే పైలట్ ఆల్టీమీటర్ సెట్ చేసుకుంటాడు.

ఇప్పుడు ప్రశ్న. గన్నవరం రన్‌వే 08/26. అంటే ఒకవైపు దాదాపు 80 డిగ్రీలు, ఇంకోవైపు 260. ఆ గాలిలో నువ్వైతే ఏవైపు దిగుతావు? పక్కగాలి ఎంత?

ఒంగోలు_ఎంపీసీ

అందరికీ చాలా చాలా థాంక్స్. ఆదివారం నానమ్మ, తమ్ముడు, నేను కలిసి ప్రయోగం చేశాం. నానమ్మ చీపురు పుల్లలు ఏరిచ్చింది, తమ్ముడు కోణమానిని పట్టుకున్నాడు.

ఫ్యాను ఆపి ఉన్నప్పుడు మట్టిముద్దతో కలిపి 384 గ్రాములు. ఫ్యాను వేశాక 0 డిగ్రీలకు 384, 5కి 378, 10కి 372, 15కి 369, 20కి 369, 25కి 371.

రాసుకుంటుంటే వెలిగింది. నేను పెట్టింది చదును అట్ట! పైన ఎంత పొడవో కింద అంతే పొడవు. అయినా లిఫ్ట్ వచ్చింది. "పై దారి ఎక్కువ" అన్న మాటకు ఇక్కడ చోటే లేదు.

ఒక అనుమానం మాత్రం ఉంది. డాలస్ అన్న చెప్పినట్టు 15 దాటగానే లిఫ్ట్ ఒక్కసారిగా పడిపోతుందనుకున్నాను. ఇక్కడ మెల్లగా తగ్గింది. నా కొలతలో లోపమా?

టవర్ సార్, 26 వైపు దిగుతాను, ఎదురుగాలి కాబట్టి. 260కీ 240కీ తేడా 20 డిగ్రీలు. 14 ఇంటూ సైన్ 20 చేస్తే పక్కగాలి 4.8 నాట్లు.

ఫిజిక్స్_మాస్టారు

లోపం లేదమ్మా, నీ కొలత చక్కగా ఉంది. పలచని అట్ట, పొట్టి రెక్క, నెమ్మది గాలి. ఇలాంటప్పుడు ముందు అంచు దగ్గర గాలి చాలా ముందే విడిపోయి కొంత దూరంలో మళ్లీ అంటుకుంటుంది. అందుకే స్టాల్ హఠాత్తుగా రాదు. పైగా నీ రెక్క పొడవు వెడల్పుకి మూడింతలే. పొట్టి రెక్కల అంచుల దగ్గర గాలి కింది నుంచి పైకి సుడి తిరుగుతుంది, అది కూడా స్టాల్‌ను మెత్తబరుస్తుంది.

వచ్చే ఆదివారం అదే అట్టను గుండ్రటి సీసా మీద పెట్టి కాస్త వంచు, మధ్యలో ఒక సెంటీమీటరు ఎత్తు వచ్చేలా. మళ్లీ 0 డిగ్రీల దగ్గర కొలువు. ఈసారి సున్నా కోణంలోనే బరువు తగ్గుతుంది. రెక్కకు ఆ ఉబ్బెత్తు ఎందుకు పెడతారో అప్పుడు నీకే తెలుస్తుంది. ఆ అంకెలు కూడా ఇక్కడ పెట్టు.

ర్యాంకు_ముఖ్యం

చెల్లీ, ఈ సెటప్ ఫొటో పెడతావా? మా తమ్ముడు టెన్త్. వాడితో చేయిస్తాను.

టవర్_నుంచి

26, 4.8 నాట్లు, రెండూ కరెక్ట్. ఎదురుగాలి కూడా కట్టు, కొసైన్‌తో 13 పైచిలుకు వస్తుంది. ఒక్క జాగ్రత్త, మెటార్‌లో టైమ్ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మన టైమ్ కావాలంటే ఐదున్నర గంటలు కలపాలి. రేపు పొద్దున్న నిజమైన మెటార్ తీసుకుని విప్పి ఇక్కడే పెట్టు, చూస్తాను.